తోడుబండీ అత్తగారి కళ్లజోడూ

ఆ రోజు పొద్దున చిన్నల్లుడు పెట్టుకున్న కోరిక చాలా చిన్నది. టాంకు వెనకాల బుద్ధిగా వెళ్లాలి, పెద్దల ముందు బండి ఆపి సెల్యూట్ కొట్టాలి, ఇంటికొచ్చి కాఫీ తాగి పడుకోవాలి. ఇందులో ఎవరికీ అడ్డం వచ్చేదేమీ లేదని అతను అనుకున్నాడు. ఎవరికీ అడ్డంరాని కోరికలు కూడా అతని జీవితంలో తీరిన దాఖలాలు తక్కువే. అయినా ఆశ చావదు కదా.

అతని అసలు పేరు రెజిమెంటులో ఎవరికీ గుర్తులేదు. అక్కడ టాంకు నడిపే సీనియర్ డ్రైవరు అతనికి తోడల్లుడు. అక్కను ఆయన చేసుకున్నాడు, చెల్లెల్ని ఇతను చేసుకున్నాడు. ఆ సంగతి మెస్సులో పొక్కిన రోజు నుంచి సిపాయి మొదలు కమాండెంటు దాకా అందరూ ఆయన్ని పెద్దల్లుడనీ ఇతన్ని చిన్నల్లుడనీ పిలవసాగారు. పెద్దల్లుడు నడిపేది టాంకు. చిన్నల్లుడు నడిపేది టాంకుకు తోడుగా వెళ్లే కవచ వాహనం. కాగితాల మీద దాని పేరు ఒక వాక్యమంత పొడుగుంటుంది కనక అందరూ తోడుబండి అనేవారు. తోడల్లుడు నడిపే తోడుబండి అని నవ్వుకునేవారు కూడా.

నవ్వేవాళ్లకు దాని విలువ తెలియదు. టాంకు ఏనుగులాంటిది. ఎదురుగా గోడ ఉంటే కూల్చేస్తుంది కానీ, మేడమీద కిటికీలో నక్కిన మనిషి దానికి కనపడడు. కనపడినా దాని ఫిరంగి అంత పైకి లేవదు. పక్కనే గోతిలో దాక్కున్నవాడి సంగతి అసలే తెలియదు. అలాంటివాడు ఒక్కడు భుజాన రాకెట్టు పెట్టుకుని కాచుకుంటే చాలు, ఏనుగు కథ కంచికే. అందుకని దాని వెనకాలే, కాస్త పక్కగా, తోడుబండి నడుస్తుంది. దానికీ ఒళ్లంతా ఉక్కు తొడుగే, కింద ఇనుప పట్టాలే. పైన మాత్రం ఒక లావు ఫిరంగికి బదులు రెండు సన్న ఫిరంగులు, ఆకాశం వైపు తలెత్తగలిగేవి. మేడలూ పొదలూ గోతులూ గాలించుకుంటూ టాంకు ప్రాణం కాపాడటమే దాని ఉద్యోగం.

ఆ ఉద్యోగం సక్రమంగా చేస్తే చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏమీ జరగని పనికి ఇంకో బండి దేనికని పైవాళ్లకు అనుమానం కలిగింది. కమిటీ వేశారు. ఆ కమిటీ ఇవాళ మైదానానికి వచ్చి కళ్లారా చూస్తుంది. అక్కర్లేదని తేల్చేస్తే తోడుబండి పాత ఇనుము కిందికీ, చిన్నల్లుడు నీళ్ల ట్యాంకరు మీదికీ పోవడం ఖాయం.

"పోనీలెండి బాబూ, దాని పేరులో కూడా టాంకు ఉంది కదా," అని అత్తగారు ఓదార్చింది.

ఆ బండి గ్రీజు కాగితాల్లో చుట్టి వచ్చినప్పుడు మొదట దాన్ని కదిలించింది చిన్నల్లుడే. అది పొద్దున్నే ఎలా దగ్గుతుందో, ఎండకు ఎలా మొరాయిస్తుందో, రెండో గేరు పడాలంటే లివరును మోకాలితో ఎంత మెల్లగా తట్టాలో అతనికే తెలుసు. పెళ్లాం అలిగితే రెండు పూటల్లో కనిపెట్టేవాడు. బండి అలిగితే తాళం తిప్పగానే కనిపెట్టేవాడు. ఈ తేడా భార్య కూడా కనిపెట్టింది కానీ, మంచి మనిషి కాబట్టి పైకి అనలేదు.

క్వార్టర్సులో ఇద్దరు అల్లుళ్లవీ పక్కపక్క ఇళ్లు. ఎడమవైపుది పెద్దల్లుడిది, అత్తగారు ఉండేది అక్కడే. మధ్యలో ఉమ్మడి వరండా. చిన్నల్లుడు బూట్లు వేసుకుని బయటికొచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని పేపరును ముక్కుకు ఆనించి, మళ్లీ చేయి చాచి దూరంగా పట్టుకుని, కుస్తీ పడుతోంది.

"ఏమిటో నాయనా, ఈ కళ్లజోడుకు ఇవాళ తెగులు పట్టింది. అక్షరాలన్నీ చీమల్లా పాకుతున్నాయి. ఎదురింటి డాబా మీద పిల్లి మీసాలు మాత్రం లెక్కపెట్టొచ్చు."

"తుడుచుకోండి అత్తయ్యా."

"తుడిచాను. పిల్లి ఇంకా దగ్గరికొచ్చింది."

అతని మనసంతా బండి మీదుంది. ఆ మాట చెవిలో పడింది కానీ బుర్రలోకి దిగలేదు.

"పెద్దల్లుడుగారు చీకటితోనే వెళ్లిపోయారు. టాంకు కదా, తుడవడానికే బోలెడు టైము పడుతుంది," అంది ఆవిడ. "మీదైతే ఎంతసేపు."

"అమ్మా, ఇవాళైనా ఆయన్ని వదిలెయ్యవే," అని లోపలి నుంచి భార్య కసిరింది. తర్వాత గుమ్మం దాకా వచ్చి మెల్లగా అంది: "జాగ్రత్తండీ. బావగారు ఏమన్నా మనసులో పెట్టుకోకండి. బండి ఎక్కడికీ పోదు, చూడండి."

బండి ఎక్కడికీ పోదన్న ఆ మాటను చిన్నల్లుడు దీవెనగా తీసుకుని మైదానానికి బయల్దేరాడు.

ఇక్కడ ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. టాంకు డ్రైవరు కళ్లజోడు పెట్టుకోకూడదని రూలుంది. పెద్దల్లుడికి దూరపుచూపు తగ్గి చాలాకాలమైంది. డాక్టరుకు తెలిస్తే టాంకు మీంచి దించి గోదాములో బోల్టులు అప్పగించే పనికి వేస్తారు. అందుకని ఏటేటా కళ్ల పరీక్ష రోజున ఆయనకు ఎక్కడలేని అర్జెంటు డ్యూటీ పడేది. అత్తగారికి చదువుకునే కళ్లజోడు కొన్న షాపులోనే, ఆవిడతో పాటే, తనకూ ఒకటి గుట్టుగా చేయించుకున్నాడు. "అల్లుడుగారికి నప్పిన ఫ్రేమే నాకూ నప్పుతుంది," అని ఆవిడ అచ్చంగా అలాంటిదే పట్టుబట్టి తీసుకుంది. టాంకులో కూర్చుని నెత్తిమీద మూత బిగించుకున్నాకే ఆయన జేబులోంచి కళ్లజోడు తీసేవాడు. ఆయన ముక్కు మీద ఏముందో టాంకుకు తప్ప రెజిమెంటులో మరెవరికీ తెలియదు. ఇంట్లో నలుగురికీ తెలుసు, నలుగురూ నోరు మెదపరు.

మైదానంలో ఒక పక్కన పెద్ద టెంటు వేసి, దాని కింద కమిటీ పెద్దల్ని కూర్చోబెట్టారు. అధ్యక్షుడు రిటైరైన జనరల్. ముఖం చూస్తే, కాఫీ వేడిగా ఇచ్చినా తప్పే, చల్లగా ఇచ్చినా తప్పే అన్నట్టుంటాడు. రేడియోలో డ్రైవర్లు మాట్లాడుకునేదంతా కమిటీకి వినపడాలని కమాండెంటు టెంటులో లౌడ్‌స్పీకరు పెట్టించాడు. ఆ ఆలోచన తనదేనని ఆయన తర్వాత ఎన్నడూ ఒప్పుకోలేదు.

టెంటుకు ఎదురుగా ఉత్తుత్తి ఊరు ఒకటుంది. చెక్క గోడల ఇళ్లు, రంగు వేసిన కిటికీలు, కిటికీల్లో గడ్డిబొమ్మలు, బొమ్మల భుజాన కొయ్య రాకెట్లు. టాంకు ముందుగా ఆ ఊరి వీధిలోకి దిగాలి. వెనకాల తోడుబండి కిటికీలు వెతుకుతూ, బొమ్మ కనపడ్డప్పుడల్లా ఉత్త తూటాలు పేలుస్తూ రావాలి. వీధి చివర ఇద్దరూ క్షేమంగా బయటపడాలి.

అందరూ మూతలు బిగించుకున్నారు. తోడుబండిలో చిన్నల్లుడికి పైన గన్నరు కూర్చున్నాడు. వయసులో పెద్దవాడు, బండికి పైవాడు. బండంటే ఆయనకూ ప్రాణమే. ఆ ప్రేమ ఎప్పుడూ తిట్ల రూపంలోనే బయటపడేది.

పచ్చజెండా ఊపారు. టాంకు కదల్లేదు.

మళ్లీ ఊపారు. టాంకు గుర్రుమంది కానీ అంగుళం జరగలేదు. చిన్నల్లుడి చెవిలో రేడియో గరగరలాడింది. పెద్దల్లుడి గొంతు, ఎన్నడూ లేనంత నీరసంగా.

"తమ్ముడూ... అత్తగారిది నా దగ్గరికి వచ్చేసింది. నాది అత్తగారి దగ్గరుండిపోయింది."

చిన్నల్లుడికి ముందు అర్థం కాలేదు. తర్వాత డాబా మీది పిల్లి మీసాలు గుర్తొచ్చాయి. 

"అన్నయ్యా, అది తీసేసి చూడండి," అన్నాడు గొంతు తగ్గించి. రేడియోలో గొంతు తగ్గించి ఏం లాభం?

"తీసేస్తే ఎదురుగా ఊరు దున్నపోతుల మందలా ఉంది. పెట్టుకుంటే మబ్బులా ఉంది."

వెంటనే కంట్రోలు గది గొంతు అడ్డుపడింది. "ఎవరది? రేడియోలో అత్తగారెవరు? వివరం చెప్పండి."

 ఆ క్షణంలో టెంటు కింద ఏం జరిగిందో చిన్నల్లుడికి తర్వాత తెలిసింది. "అత్తగారంటే ఏమిటి?" అని జనరల్ కనుబొమలు ఎగరేశాడట. తనకు తెలియదంటే పరువు పోతుందని కమాండెంటు, "శత్రువుకు మేం పెట్టుకున్న సంకేతం సార్. దాక్కుని కాచుకున్నవాడన్నమాట," అనేశాడట. జనరల్ మొదటిసారి తలూపి, "మంచి పేరు. ఎటునుంచి చూస్తుంటుందో తెలియదు," అన్నాడట. అక్కణ్ణుంచి పని చెడింది. కమిటీ ముచ్చట పడింది కనక కంట్రోలు గది కూడా ఆ మాటే పట్టుకుంది.

"తోడుబండీ! అత్తగారు ప్రస్తుతం ఎక్కడున్నారు?"

చిన్నల్లుడు చిన్నప్పటి నుంచీ అడిగినదానికి జవాబు చెప్పే మనిషి. "ఇంట్లో ఉన్నారండి."

"ఏ ఇంట్లో?"

"ఎడమపక్క ఇంట్లో."

పైన గన్నరు ఉలిక్కిపడ్డాడు. "ఎడమపక్క ఇంట్లోనా? నాకు చెప్పవేం?" అంటూ ఫిరంగులు అటు తిప్పసాగాడు.

"అయ్యో, ఆ ఇల్లు కాదండీ!" అని చిన్నల్లుడు అరవబోతుండగానే రేడియోలో పెద్దల్లుడు బావురుమన్నంత పనిచేశాడు.

"తమ్ముడూ, నువ్వు ముందు పద. నీ బండి వెనక ఎర్రలైటు ఉంది చూడు, అదొక్కటే నాకు తెలుస్తుంది. దాన్ని పట్టుకుని వచ్చేస్తా. నా పరువు నీ చేతిలో ఉంది."

చిన్నల్లుడు గేరు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. తోడుబండి ముందు నడవడం అంటే ఏమిటి? ఇది టాంకును కాచుకుని వెనక నడిచే బండి అని చూపించుకోవడానికే కదా ఇవాళ్టి సంబరమంతా. ఇదే ముందు పరిగెడితే, దీనికి తన పనేమిటో కూడా తెలియదని కమిటీ రాసేసుకుంటుంది. వెళ్లకపోతే టాంకు ఆ గుడ్డిచూపుతో ఏ గోతిలోనో పడుతుంది, పెద్దల్లుడు గోదాములో పడతాడు. ఇటు బండి, అటు బంధువు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అతనికి ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకునే సదుపాయమైనా ఉంది, అంతే తేడా.

భార్య ముఖం కళ్లముందు మెదిలింది. అక్క ఏడిస్తే ఆమె తట్టుకోలేదు. అతను మోకాలితో లివరు తట్టి, గేరు వేసి, టాంకును దాటుకుని ముందుకు పోయాడు.

"ఏరా! ఎక్కడికిరా?" ఫిరంగులు తిప్పే హడావిడిలో రేడియో మాట వినిపించుకోని గన్నరు పైనుంచి బూటుతో అతని భుజం మీద తన్నాడు. "టాంకు ముందుకెళ్తావేంరా? మతి పోయిందా?"

నిజం చెప్పే వీల్లేదు. నోటికొచ్చిన అబద్ధం ఒకటి జారిపోయింది. "బ్రేకు పట్టట్లేదండీ!"

అతను ఆడిన అబద్ధాలు తక్కువ. అందుకే వాటిని ఎలా వాడాలో తెలియలేదు. గన్నరు ఆ మాటను గన్నరులాగే తీసుకున్నాడు. వెంటనే రేడియో మీట నొక్కి, "తోడుబండికి బ్రేకు పోయింది! ప్రాణాపాయం!" అని మైదానమంతా మోగేలా చెప్పాడు. కంట్రోలు గది అంతకంటే చురుగ్గా అంబులెన్సును పంపేసింది.

ఆ కంగారులో గన్నరు ఎడమపక్క ఇంటి సంగతి మాత్రం మరిచిపోలేదు. బ్రేకు లేకపోతే పోనీ, అత్తగారినైనా వదలకూడదనుకున్నాడేమో, చెక్క ఇంటి మీద రెండు ఫిరంగులూ ఏకధాటిగా పేల్చాడు. ఉత్త తూటాలే కానీ చప్పుడు నిజమైందే. ఆ ఇంట్లో గడ్డిబొమ్మలు లేవు. పొగడబ్బాలున్నాయి. చివర్లో, టాంకు ఊళ్లోంచి బయటపడ్డాక, ఒక్కో డబ్బా తెరిచి తెల్లపొగ వదలాల్సిన మనిషి అందులో ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటున్నాడు. నెత్తిమీద ఫిరంగులు పేలేసరికి తన వంతు వచ్చేసిందనీ, ఆలస్యమైపోయిందనీ బెదిరిపోయి, డబ్బాలన్నీ ఒక్కసారే లాగేసి వెనక కిటికీలోంచి దూకి పారిపోయాడు.

చూస్తుండగానే ఊరు మాయమైంది. తర్వాత ఆకాశం మాయమైంది. చిన్నల్లుడికి తన చూపు అద్దంలో పాలు పోసినట్టు తెలుపు తప్ప ఏమీ లేదు. అతను బండి ఆపేశాడు.

"అదేమిట్రా, బ్రేకు పట్టిందే!" అన్నాడు గన్నరు.

"ఇప్పుడే పట్టిందండీ."

"ఇలాంటి అవతారం ఎక్కడా చూడలేదురా బాబూ. కావలసినప్పుడు పట్టదు, అక్కర్లేనప్పుడు పడుతుంది. ఇవాళ్టితో మన బండి చరిత్ర సరి. పాత ఇనుమే ఇక." అంతటితో తిట్టడం ఆపేశాడు. అది తిట్ల కంటే ఎక్కువగా తగిలింది చిన్నల్లుడికి. ఆ మనిషి తిట్టకపోతే ఇక ఆశ లేనట్టే.

అప్పుడు రేడియోలో పెద్దల్లుడి గొంతు హాయిగా వినపడింది.

"ఆఁ, ఆఁ, బాగా పోతున్నావు తమ్ముడూ. కాస్త నెమ్మదిగా. ఇంత వేగం ఎప్పుడు నేర్చుకున్నావు? అదుగో మళ్లీ కుడికి తిప్పావు. సరే, నేనూ తిప్పా."

చిన్నల్లుడు బ్రేకు మీదున్న తన కాలు చూసుకున్నాడు. తను నిలబడే ఉన్నాడు. మరి ఆయన ఎవరి వెనకాల పోతున్నట్టు?

"అన్నయ్యా, ఆగండి! ముందున్నది నేను కాదు!"

జవాబు లేదు. పెద్దల్లుడు మాట్లాడే మీట నొక్కి పట్టుకున్నాడు. అది వదిలితే తప్ప అవతలివాళ్ల మాట వినపడదు. భయంలో మనిషికి ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. ఆయన దాన్ని పట్టుకున్నాడు. ఆయన మాటలు మైదానమంతా వింటోంది, ఆయనకు మాత్రం ఎవరి మాటా చేరడం లేదు. టాంకు పైభాగంలో ఉండే కుర్ర ఆఫీసరు దారి చూద్దామని మూత తెరిచి, పొగ మింగి, నోరు తెరిస్తే దగ్గు తప్ప ఆజ్ఞ రాని స్థితిలో ఉన్నాడు.

"ఒక్క మాట తమ్ముడూ," పెద్దల్లుడు తీరిగ్గా సాగించాడు. "ఈ కళ్లజోడు సంగతి నీ కడుపులోనే ఉంచుకో. డాక్టరు చెవిన పడితే నన్ను గోదాములో పారేస్తారు. ఏళ్ల తరబడి మూత కింద దాచుకుని నెట్టుకొస్తున్నా. కమాండెంటుగారికి అస్సలు తెలియకూడదు. ఆయన మనిషి మంచోడే కానీ, లోపల ఏమీ లేదు."

టెంటులోని లౌడ్‌స్పీకరు కొత్తది. ప్రతి అక్షరం స్పష్టంగా వినపడింది.

చిన్నల్లుడు కళ్లు మూసుకున్నాడు. తోడల్లుడి పరువు కోసం తను బండిని బలి ఇచ్చాడు. ఆ పరువును ఆయన స్వయంగా మైకులో పంచిపెడుతున్నాడు. ఇప్పుడు బండీ పోయింది, పరువూ పోయింది. ఇక పోవడానికి ఏమైనా మిగిలిందా అనుకుంటుండగా, పొగలోంచి కుయ్యిమంటూ అంబులెన్సు అతని పక్కనుంచి దూసుకుపోయింది. దాని వెనక ఎర్రలైటు వెలుగుతోంది. ఆ ఎర్రలైటు వెనకాల, గుడి ముందు రాతి ఏనుగు లేచివచ్చినట్టు, టాంకు వస్తోంది.

అంబులెన్సు డ్రైవరు ప్రాణాలు కాపాడే ఉద్యోగంలో చేరాడు కానీ, అందులో తన ప్రాణం కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఎటు తిప్పినా టాంకు అటే తిరుగుతోంది. ఎంత తొక్కినా అదీ తొక్కుతోంది. ఇక పెద్దవాళ్లే దిక్కని తలచి నేరుగా కమిటీ కూర్చున్న టెంటు వైపు మళ్లించాడు.

గాలి కొంచెం వీచి పొగ చీలింది. టెంటూ, కుర్చీలూ, కుర్చీల్లో కొయ్యబారిపోయిన పెద్దలూ చిన్నల్లుడికి కనిపించారు. పరుగెత్తడానికి లేచినవాళ్లకు ఎటు పరుగెత్తాలో తెలియడం లేదు. అంబులెన్సు ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటుంది. దాన్ని నమ్ముకున్న టాంకు, అంత బరువుతో, అంత చప్పున తిరగడం కల్ల.

"గట్టిగా పట్టుకోండి!" అని గన్నరుకు అరిచి అతను రెండో గేరులోకి తోశాడు. ఈసారి మోకాలితో తట్టలేదు, తన్నాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి, ఏం చేయాలో ఎవరినీ అడగాల్సిన అవసరం కలగలేదు. టాంకుకు పక్కగా వచ్చే ముప్పును చూసుకోవడం అతని పని. ఇవాళ ఆ ముప్పు టాంకే అయింది, అంతే. బండి దగ్గింది, గర్జించింది, ఎగుడుదిగుళ్లమీద ఎగిరిపడింది. అంబులెన్సు పక్కకు తిరగనే తిరిగింది. టెంటు తాళ్లకూ టాంకు ముక్కుకూ మధ్య మిగిలిన జాగాలోకి చిన్నల్లుడు తోడుబండిని అడ్డంగా తెచ్చి నిలబెట్టాడు.

టాంకు వచ్చి గుద్దుకుంది. ఆ మోతకు టెంటు సగం కూలింది. తోడుబండి పక్కకు ఒరిగి, నేలను దున్నుకుంటూ కొంతదూరం జరిగి, ఇనుప పట్టా తెగి ఆగిపోయింది. అధ్యక్షుడి కుర్చీకి చేయి చాచితే అందేంత దగ్గరలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాఫీ కప్పు ఒకటి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి పట్టాకు తగిలి నిలిచింది.

టాంకు మూత తెరుచుకుంది. పెద్దల్లుడు నుదుటి మీద అత్తగారి కళ్లజోడుతో తల బయటపెట్టాడు.

"భలే నడిపావు తమ్ముడూ! చివర్లో అంత చప్పున ఆపావేం?" అన్నాడు. తర్వాత కళ్లు చికిలించి అటూ ఇటూ చూశాడు. "ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"అందరూ ఉన్నారన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు.

అతను దిగి, తెగిన పట్టా పక్కన చతికిలపడ్డాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. ఇంకా వెచ్చగా ఉంది. గన్నరు కూడా దిగి వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు, తిట్టకుండా. ఇద్దరూ శవజాగారం చేసేవాళ్లలా ఉన్నారు.

జనరల్ కోటు మీది దుమ్ము దులుపుకుని లేచాడు. కమాండెంటు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"టాంకుకు తోడెందుకని ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చింది నేనే," అన్నాడు జనరల్. "ఇవాళ తెలిసొచ్చింది. టాంకును శత్రువు నుంచి కాపాడటం తర్వాతి మాట. ముందు టాంకు నుంచి మనల్ని కాపాడటానికి ఒక బండి ఉండితీరాలి. ఒక టాంకుకు ఒకటి చొప్పున ఇవ్వండి. దీన్ని ఇవాళే బాగుచేయించండి."

ఆ మాట చిన్నల్లుడి బుర్రలోకి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక అతను ఆ చక్రాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గన్నరు అతని నెత్తిన ఒక్కటి మొట్టి, "లేవరా వెధవా, ఏడుపొకటి," అన్నాడు. లోకం మళ్లీ గాడిన పడింది.

కానీ కమాండెంటు లెక్క ఇంకా తేలలేదు. కమిటీ కార్లు కదిలాక ఆయన పెద్దల్లుణ్ణి ఎదురుగా నిలబెట్టాడు. "నా లోపల ఏమీ లేదన్నావు కదా. రూలు పుస్తకం ఒకటి ఉందయ్యా. రేపటి నుంచి గోదాము."

పెద్దల్లుడు నుదుటి మీది కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అంత మనిషి ఒక్కసారిగా చొక్కాకు వదులైపోయాడు. అది చూసి చిన్నల్లుడు ఊరుకోలేకపోయాడు. ఊరుకుని ఉంటే ఈ కథ అతనికి బాగానే ముగిసేది.

"సార్, ఆయన్ని గోదాములో వెయ్యొద్దు సార్. ఇంజను మోత వినపడకపోతే ఆయనకు అన్నం సయించదు. కళ్లజోడు పెట్టుకుంటే ఆయనంత బాగా నడిపేవాడు లేడు. నా ముఖం చూసి ఏదైనా బండి ఇవ్వండి సార్."

కమాండెంటు కరిగాడు. ఇవాళ ఆయన ఉద్యోగం నిలబెట్టింది ఇతనే. రూలు పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశాడు. టాంకు డ్రైవరుకు కళ్లజోడు ఉండకూడదని అందులో ఉంది. తోడుబండి డ్రైవరు గురించి ఏమీ లేదు. ఆ బండి డ్రైవరుకు కళ్లుంటాయన్న సంగతే రూలు రాసినవాళ్లకు తట్టలేదు.

"నీ మాట కాదనను," అన్నాడు కమాండెంటు, చిన్నల్లుడి భుజం తట్టి. "తోడుబండి ఆయనకిద్దాం. టాంకు నువ్వు తీసుకో."

"సార్... నాకు..."

"తెలుసులే. మాట రావట్లేదు. టాంకంటే ఎవరికైనా అంతే."

చిన్నల్లుడు ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరిపోయింది. అత్తగారు వరండాలో ఎదురొచ్చింది. "విన్నాను బాబూ, విన్నాను! ఇక నాకు ఇద్దరూ పెద్దల్లుళ్లే," అంటూ కాఫీ తనే కలిపి తెచ్చింది. జీవితంలో మొదటిసారి ఆవిడ అతనికి కాఫీ పెద్ద గ్లాసులో ఇచ్చింది. దాన్ని చేత్తో పట్టుకుని అతను మెట్టు మీద కూర్చున్నాడు. తాగలేదు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. "ఏమండీ, తోడుబండిని తీసేశారా?"

"లేదు. ఉంచారు."

"మరి?"

"అదే బాధ. పాత ఇనుముకు పోయుంటే ఏడ్చి మర్చిపోయేవాణ్ణి. ఇక రోజూ దాన్ని ఇంకొకళ్ల చేతిలో చూడాలి."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని అతని చేతిలోని గ్లాసు తీసుకుని, చల్లారిన కాఫీని తనే తాగేసింది.

మర్నాడు షెడ్డులో పట్టా బిగించిన తోడుబండి కొత్తపెళ్లికూతురిలా నిలబడి ఉంది. పెద్దల్లుడు తన కళ్లజోడు తను పెట్టుకుని, పట్టపగలు, అందరి ఎదుటా, తల పైకెత్తుకుని అందులో కూర్చున్నాడు. చిన్నల్లుడు పక్కన నిలబడి రెండో గేరు ఎలా వేయాలో చెప్పాడు. చెప్పిందే రెండుసార్లు చెప్పాడు.

"మోకాలితో మెల్లగా తట్టాలన్నయ్యా. తొందరపెడితే అలుగుతుంది."

"నువ్వేం దిగులు పడకు తమ్ముడూ. నా కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటా," అన్నాడు పెద్దల్లుడు. ఆయన కళ్ల గురించి తెలిసిన మనిషికి అది ఓదార్పుగా తోచలేదు.

చిన్నల్లుడు టాంకులోకి దిగి మూత బిగించుకున్నాడు. లోపల సన్నని చీలికలోంచి ఎదురుగా ఉన్న రోడ్డుముక్క తప్ప మరేమీ కనపడలేదు. పైన ఏముందో, పక్కన ఎవరున్నారో, వెనకాల వచ్చే బండి ఎలా దగ్గుతోందో ఇక ఎన్నటికీ తెలియదు. అతను గేరు వేశాడు. గేరు తేలిగ్గా, ఏ అలకా లేకుండా పడిపోయింది. అది మరీ బాధనిపించింది.

తోడుబండిలోంచి లోకమంతా ఎంత విశాలంగా కనపడుతుందో పెద్దల్లుడు అప్పుడే తెలుసుకున్నాడు. తనకు కనపడిందల్లా ఆ రోజు నుంచి రేడియోలో, మీట వదలకుండా, చెబుతూనే ఉన్నాడు.